తేమ భత్యం

సనత్‌నగర్ కంటైనర్ డిపో నుంచి
లక్క సీలు కవరులో వచ్చింది, జానెడు గుడ్డ.
బూడిద రంగు, ఏటవాలు నేత,
అంచున బాల్‌పెన్నుతో ఎవరో రాసిన నంబరు.
కాగితం మీద: విస్కోస్ ఎక్కువ, పాలిస్టర్ తక్కువ.
తెప్పించినవారు ముర్తుజా హుస్సేన్, రికాబ్‌గంజ్.
పక్కనే అప్రైజర్ నాగభూషణం గారి ఎర్ర సిరా:
"తిరగేసి రాసి ఉండొచ్చు. తేల్చగలరు."

తేల్చడమే నా ఉద్యోగం.

ముందు ఒక పోగు లాగి నిప్పుకి చూపిస్తాను.
కొంత కాగితంలా కాలిపోతుంది,
కొంత ముడుచుకుని నల్లటి పూసవుతుంది.
వేళ్ళ మధ్య ఆ పూస నలగదు.
ఇంతవరకూ మా అమ్మకీ వచ్చు.

మదీనా చౌరస్తాలో ఫుట్‌పాత్ మీద
కట్‌పీసులు పరుచుకుని కూర్చునే సత్తెమ్మకి
అగ్గిపుల్ల కూడా దండగే.
బొటనవేలితో ఒక్కసారి రుద్ది చెప్పేది:
"గిది టెర్రికాట్ బిడ్డా. మాయది, చినగది,
గని చెమట తాగది."
ఆమె లెక్కలో గుడ్డలు నాలుగే రకాలు:
రోజూ కట్టేది, పెండ్లికి కట్టేది,
బడికి పొయ్యే పిల్లలది,
ఎవరూ కొనక పొద్దూకాల మూటలోకి తిరిగొచ్చేది.

నా టారిఫ్ లావుపాటి పుస్తకం.
తెగిన పోగా, తెగని పోగా అని గుమ్మంలోనే ఆపుతుంది.
ఎనభై అయిదు శాతం దగ్గర మళ్ళీ ఆపుతుంది.
నూలు కలిసిందంటే
చదరపు మీటరుకి నూట డెబ్బై గ్రాముల దగ్గర ఇంకోసారి.
రంగు ముంచారా, రంగు పోగులతో నేశారా, అచ్చు వేశారా
అన్నీ అడుగుతుంది.
ఎవరు తొడుక్కుంటారని అడగదు.

డెబ్బై అయిదు శాతం గంధకామ్లం,
యాభై డిగ్రీలు, ఒక గంట.
విస్కోస్ చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతుంది.
వడకట్టి, కడిగి, ఎండబెట్టి
పాలిస్టర్‌ని త్రాసులో పెడతాను.
కరిగిపోయినదాన్ని తూచే త్రాసు లేదు.
మిగిలినదాన్ని తూచి
పోయినదెంతో రాసుకోవడమే.

యాభై మూడు, నలభై ఏడు.
ఎర్ర సిరాదే గెలుపు.
గేటు బయట సేఠ్ గుమాస్తా
మూడో రోజూ స్కూటర్ మీదే కూర్చుని ఉన్నాడు.
బడులు తెరిచి వారమైంది,
యూనిఫాం గిరాకీ దాటిపోతోంది,
డిపోలో రోజుకింత అద్దె.

కానీ లెక్క అక్కడ ఆగదు.
ఎండబెట్టిన బరువు గుడ్డ బరువు కాదు.
గుడ్డ బతికేది గాలిలో.
మా పద్ధతిలో దానికి తేమ భత్యం కలపాలి:
విస్కోస్‌కి నూటికి పదమూడు,
పాలిస్టర్‌కి అర కూడా లేదు.
తాగేదానికి తాగినంత జమ.
అమ్మ మాటే ఇది, దశాంశాలతో.

కలిపాను. చెరిపి మళ్ళీ కలిపాను.
యాభై. యాభై.

అలాంటప్పుడు పుస్తకంలో ఒక మాటుంది:
రెండూ సమానమైతే
వరుసలో చివర ఉన్నదే గుడ్డకి పేరు.
పాలిస్టర్ ముందు, విస్కోస్ వెనక.
కాబట్టి విస్కోస్.
రేషన్ షాపు లైన్లో చివర నిలబడి
చక్కెర అయిపోయిందని విని తిరిగొచ్చిన సత్తెమ్మకి
ఈ రూలు చదివి వినిపిస్తే
పొట్ట పట్టుకుని నవ్వుతుంది.
ఏ ఊర్ల రాసిన్రే గిది, అంటుంది.

రిపోర్టు పంపాను.
గంటలో తిరిగొచ్చింది, అదే ఎర్ర సిరా:
"అనుమానాస్పదంగా సరిసమానం. మరోసారి చెయ్యగలరు."

గుడ్డ ఇంకా నాలుగు వేళ్ళ వెడల్పు మిగిలింది.
బయట జూన్ వాన, గుమాస్తా స్కూటర్ సీటు కింద
తల దాచుకునే పాలిథిన్ కవరు కోసం వెతుకుతున్నాడు.
ఎవరూ చూడకుండా గ్లౌజు తీసి
బొటనవేలితో గుడ్డని రుద్దాను.

నాకేమీ తెలియలేదు.
పదిహేనేళ్ళ ఆమ్లం వేళ్ళు కదా.
గ్లౌజు తొడుక్కుని
మళ్ళీ ఒక పోగు లాగాను.